గ్రీకు దీవుల పిల్లులకి జీతం ఎవరిస్తున్నారు?

గ్రీస్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్ గ్యాలరీ ఎవరిదైనా తీసి చూడండి. నీలం గుమ్మటం చర్చి ఒకటి, సన్‌సెట్లు ఓ పాతిక, మిగతావన్నీ పిల్లులు. సున్నం వేసిన గోడ మీద పిల్లి, వలల కుప్ప మీద పిల్లి, టవర్నాలో (అక్కడి చిన్న హోటల్, భోజనం దొరికేది) కుర్చీ వేయించుకుని బిల్లు కట్టే కస్టమర్‌లా కూర్చున్న పిల్లి. ఏథెన్స్‌లో మొనాస్తిరాకి వైపు సావనీర్ షాపుల్లోకి వెళ్తే పిల్లుల క్యాలెండర్లు, పిల్లుల మగ్గులు, పిల్లుల ఫ్రిజ్ మాగ్నెట్లు, ఏమీ తెలియనివాడైతే ఈ దేశం రాజముద్ర పిల్లేనేమో అనుకుంటాడు.

నేనూ పిల్లుల మనిషినే, కాబట్టి ఇది పిల్లులంటే గిట్టనివాళ్ళ రాత అనుకోకండి. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి చెప్పడం నాకు చేతకాదు, సూటిగానే అంటున్నా. ఆ పిల్లులు అక్కడ ఉద్యోగం చేస్తున్నాయి, టూరిజం డిపార్ట్‌మెంట్‌లో. వాటి వల్ల నాలుగు డబ్బులు చేసుకునేది హోటళ్ళు, టవర్నాలు, షాపులు, వాటన్నిటి మీదా పన్ను వసూలు చేసుకునే సర్కారు. వాటి తిండికీ మందులకీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకీ డబ్బు పెట్టేది మాత్రం ఊరికి నలుగురైదుగురు మనుషులు, ఎక్కువగా ఆడవాళ్ళు, అందులోనూ చాలామంది రిటైరైనవాళ్ళు, సొంత పెన్షన్లోంచి. దీనికి మనం కమ్యూనిటీ కేర్ అని ముద్దుపేరు పెట్టుకున్నాం. నలుగురు మోస్తే ఊరు మోసినట్టా?

నేనుండేది నెదర్లాండ్స్‌లో, పని ల్యాప్‌టాప్ మీద, ఎక్కడ కూర్చున్నా ఒకటే. చలికాలంలో ఇక్కడి చీకటి భరించలేక సీరోస్ దీవికి వెళ్ళి ఇల్లు అద్దెకు తీసుకునే అలవాటు పడింది, ఆఫ్ సీజన్ కాబట్టి అద్దెలు తక్కువ. సీరోస్ అంటే సైక్లేడ్స్ దీవులన్నిటికీ పరిపాలన కేంద్రం, ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి మామూలు ఓడలో దాదాపు నాలుగ్గంటలు. రాజధాని ఎర్మూపోలిని 1820ల్లో స్వాతంత్ర్య యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కియోస్, ప్సారా దీవుల శరణార్థులు కట్టుకున్నారు. ఊరి మీద రెండు కొండలు, ఒక కొండ మీద క్యాథలిక్కులు, ఇంకో కొండ మీద ఆర్థడాక్సులు, మధ్యలో అందరి పిల్లులూ. షిప్‌యార్డు ఉంది, కోర్టులున్నాయి, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ ఉంది, అంటే టూరిస్టులు వెళ్ళిపోయినా బతికే ఊరన్నమాట. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కాస్త ఆగితే తెలుస్తుంది.

సీరోస్ పేరు మీరు ఇదివరకే విని ఉండొచ్చు. 2018 ఆగస్టులో ఒక జాబ్ యాడ్ ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా, గ్రీకు దీవిలో 55 పిల్లుల్ని చూసుకోవాలి, సముద్రం కనపడే చిన్న ఇల్లు ఇస్తాం, జీతం కూడా ఇస్తాం అని. గాడ్స్ లిటిల్ పీపుల్ అనే పిల్లుల ఆశ్రమం పెట్టిన యాడ్ అది, నిజమైనదే, జోక్ కాదు. పదుల వేలల్లో అప్లికేషన్లు వచ్చిపడ్డాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగింది, మా ఫ్రెండ్స్ సగం మంది రిజైన్ చేసి వెళ్ళిపోతామన్నారు (ఒక్కరూ వెళ్ళలేదు, అది వేరే కథ). నాకు ఆ యాడ్‌లో ఆశ్చర్యం అనిపించింది సముద్రం కాదు, జీతం అన్న మాట. ఆ పనికి జీతం ఇవ్వొచ్చని ప్రపంచానికి అప్పుడే తెలిసినట్టుంది, అందుకే అంత గోల. అదే పని దీవి దీవికీ ఎవరో ఒకావిడ జీతం లేకుండా, సెలవు లేకుండా ఏళ్ళ తరబడి చేస్తోంది, ఆవిడ కోసం ఒక్క అప్లికేషన్ కూడా రాదు.

పొద్దున్నే ఆ రౌండ్ ఎలా ఉంటుందంటే, కూరగాయల మార్కెట్‌కి తీసుకెళ్ళే రెండు చక్రాల ట్రాలీలో డ్రై ఫుడ్ బస్తా ఒకటి, నీళ్ళ సీసాలు, చేప తలకాయలు వేసి ఉడకబెట్టిన మాకరోనీ గిన్నె ఒకటి పెట్టుకుని కిరియా బయల్దేరుతుంది. కిరియా అంటే అమ్మగారూ అన్నట్టు, ఊళ్ళో పెద్దావిడలందరూ కిరియాలే. చెత్త డబ్బాల దగ్గర ఆగి ప్స్ ప్స్ ప్స్ అంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తాయి, కార్ల కింద నుంచి, మెట్ల సందుల్లోంచి, పాడుబడ్డ ఇంటి కిటికీలోంచి. చూసేవాళ్ళకి తిండి పెట్టడం కనపడుతుంది, ఆవిడ చేసేది అది కాదు. ఆవిడ లెక్క చూస్తోంది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి కన్ను కారుతోంది, ఎవరి పొట్ట బరువెక్కింది, చెవి కొస కత్తిరించి లేని, అంటే ఇంకా ఆపరేషన్ కాని కొత్త మొహం ఏది. ఒకరోజు రాకపోతే సరే, రెండో రోజూ రాకపోతే వెతుకుతుంది. తిండి అనేది హాజరు పట్టీ, అంతే.

ఆ హాజరు పట్టీ లేకుండా తిండి పెడితే ఏమవుతుంది? ఇక్కడే టూరిస్టులతో నా గొడవ.

ఈస్టర్ టైమ్‌కి దీవులు తెరుచుకుంటాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా టవర్నాలన్నీ కళకళలాడతాయి, ప్రతి టేబుల్ కిందా ఒక పిల్లి, ప్రతి టేబుల్ మీదా ఒక జాలిగుండె. వేయించిన కలమారి ముక్కలు, సార్డీన్ తలకాయలు, సౌవ్లాకి ముక్కలు, అడిగినన్ని. ఆడపిల్లి ఒళ్ళు చేస్తుంది, ఒళ్ళు చేసిన పిల్లి బాగా ఈనుతుంది. పిల్లులకి పగటి వెలుతురు పెరిగేకొద్దీ ఎద మొదలవుతుంది, ఆ వాతావరణంలో జనవరి ఫిబ్రవరిల్లోనే మొదలైపోతుంది, గర్భం సుమారు 63 నుంచి 65 రోజులు, పిల్లలు పాలు తాగుతుండగానే తల్లికి మళ్ళీ కట్టొచ్చు, వసంతంలో పుట్టిన ఆడకూన నాలుగైదు నెలలకే, అంటే ఆ వేసవి చివరికే తనూ తల్లయ్యే వయసుకొచ్చేస్తుంది. ఏడాదికి రెండు ఈతలు మామూలు, మూడూ అవుతాయి. అక్టోబర్ చివర్లో ఒక వారంలో అంతా మూసేస్తారు. కుర్చీలు లోపల పెట్టేస్తారు, గొడుగులు ముడిచేస్తారు, వంటవాళ్ళు ఏథెన్స్ వెళ్ళిపోతారు. సీజన్ చివర్లో పుట్టిన పిల్లలు అప్పటికి అరచేతిలో పట్టేంత ఉంటాయి.

తర్వాత ఏమవుతుందో రీల్స్‌లో రాదు. క్యాట్ ఫ్లూ వస్తుంది, కళ్ళు పుసులుకట్టి మూసుకుపోతాయి, చాలా వాటికి కన్నే పోతుంది. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు వస్తే ఈత మొత్తం వారంలో పోతుంది. ఆకలి పొడుచుకుతిని రోడ్డు మీదకొచ్చినవి బండ్ల కింద పడతాయి. ఎన్ని పోతాయి అనేది గ్రీకు దీవుల మీద గట్టి లెక్క నా కంటపడలేదు గానీ, అమెరికాలో నార్త్ కరోలినాలో వీధిపిల్లుల ఈతల్ని వరసగా గమనించిన 2004 నాటి స్టడీ ఒకటుంది, 169 పిల్లల్లో 127 ఆరు నెలల లోపే చచ్చిపోవడమో కనపడకుండా పోవడమో జరిగింది. నాలుగింట మూడు వంతులు. మీరు జూలైలో ఫోటో తీసిన నాలుగు పిల్లకూనల్ని గుర్తు తెచ్చుకుని ఆ లెక్క వేసుకోండి.

అందుకే సీరోస్ గురించి అంత చెప్పింది. ఏడాది పొడుగునా జనం ఉండే దీవి కాబట్టి అక్కడ చలికాలంలో కూడా చేపల మార్కెట్టు ఉంటుంది, వెట్ (జంతువుల డాక్టరు) ఉంటారు, కిరియాలకి సాయం పట్టే కాలేజీ పిల్లలుంటారు. మూడొందల మంది ఉండే చిన్న దీవుల్లో వెట్ అంటే ఓడెక్కి వచ్చే మనిషే. గాలి వేగం బోఫోర్ట్ కొలతలో 8 దాకా ముదిరిందంటే పోర్టు వాళ్ళు ఓడలు ఆపేస్తారు, ఆపరేషన్ క్యాంపు లేదు, డ్రై ఫుడ్ బస్తాల లోడు లేదు, మనిషికి మందులకే దిక్కుండదు ఆ రోజుల్లో. వేసవిలో ప్రపంచంలోని జాలంతా అక్కడే ఉంటుంది, జనవరిలో ఆవిడొక్కతే ఉంటుంది.

ఇంతకీ ఆపరేషన్. మన పేపర్ల భాషలో కు.ని. ఆపరేషన్. పట్టుకోవడం, ఆపరేషన్ చేయించడం, పట్టిన చోటే వదలడం, గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరించడం, టీఎన్ఆర్ అంటారు దీన్ని. వినడానికి మూడు ముక్కల పని. చేస్తే తెలుస్తుంది. ముందురోజు నుంచి తిండి ఆపాలి, బోనులోకి రావాలంటే ఆకలి ఉండాలి, మత్తుమందు ఇవ్వాలన్నా కడుపు ఖాళీగా ఉండాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మీరు ఆపినా పక్క గుమ్మంలో వాళ్ళు పెట్టేస్తారు, "పాపం ఆకలితో అరుస్తున్నాయండీ" అని. అలా తెల్లవారి లేచి చూస్తే కడుపునిండిన పిల్లులు బోను వైపు చూసి ఆవులిస్తుంటాయి. ఊరంతటితో మాట్లాడి ఒక్క రోజు తిండి బంద్ చేయించడం అనేది, నన్నడిగితే, మున్సిపాలిటీ ఎలక్షన్ నెగ్గడం కంటే కష్టం.

బోనులో కింద పాత న్యూస్‌పేపర్ పరుస్తారు, చివర్లో మాకరెలో ట్యూనానో పెట్టి, వాసన పట్టేలా ఆ నూనె గుమ్మం దాకా చుక్కలు వేసుకుంటూ వస్తారు. పిల్లి లోపలికెళ్ళి పలక మీద కాలు వేస్తే తలుపు పడుతుంది, పడగానే దుప్పటి కప్పేయాలి, చీకటి పడితే ఊరుకుంటుంది, లేకపోతే మూతి కమ్మీలకేసి కొట్టుకుని రక్తం చేసుకుంటుంది. ఆ దుప్పటి కప్పే పని నాకిచ్చారు, పెద్ద ఘనకార్యం కాదు, అయినా నా చేతికి పని దొరికిందని మురిసిపోయా. ముందు పడేవి ఎప్పుడూ మచ్చికైన మొగపిల్లులే, ఇవి కావాల్సినవి కావు. కావాల్సింది మూడు ఈతలు ఈనిన ముసలి ఆడపిల్లి, అది దూరంగా గోడెక్కి కూర్చుని మొత్తం నాటకం చూస్తుంది, దాని కోసమే కిరియా పొద్దు పొడిచే ముందు నుంచి చలిలో కూర్చుంటుంది, ఒక్కోసారి వారాల తరబడి. ఒక వీధిలో తొమ్మిదింటికి చేయించి ఆ ఒక్కదాన్ని వదిలేస్తే వచ్చే ఏడాదికి మళ్ళీ లెక్క మొదటికొస్తుంది. డెబ్భై ఎనభై శాతం దాకా చేయించి, కొత్తగా వచ్చినవాటికి ఎప్పటికప్పుడు చేయిస్తూ ఉంటేనే గుంపు తగ్గుతుందని ఈ పని చేసేవాళ్ళందరూ చెప్పే మాట. సగంలో ఆపితే ఆ డబ్బు సముద్రంలో పోసినట్టే. ఆరంభశూరత్వానికి ఇంత కచ్చితంగా శిక్ష వేసే పని ఇంకోటి నాకు తెలియదు.

ఆపరేషన్ అయ్యాక మొగవాటిని అదే రోజో మర్నాడో వదిలేయొచ్చు, ఆడవాటిని ఇంకాస్త ఉంచి చూసుకోవాలి. ఎక్కడ ఉంచుతారు? కిరియా బాత్‌రూమ్‌లో. నేను చూసినంతలో ఈ మొత్తం ఏర్పాటుకి మూలస్తంభం ఎవరిదో ఒకరి బాత్‌రూమే.

మరి గవర్నమెంట్ ఏం చేస్తోంది అంటారా, కాగితం మీద బాగానే చేసింది. 2021లో 4830 నంబరు చట్టం తెచ్చారు, పెంపుడు పిల్లులకీ కుక్కలకీ చిప్ వేయించాలి, ఆపరేషన్ చేయించాలి, లేదంటే డీఎన్ఏ శాంపిల్ పంపాలి. వీధి జంతువుల బాధ్యత మున్సిపాలిటీదే, వాటికి ఆపరేషన్, చిప్, రిజిస్ట్రేషన్ అన్నీ మున్సిపాలిటీ చూడాలి. అంతకు ఏడాది ముందే, 2020లో, జంతువుని హింసించి చంపడాన్ని పదేళ్ళ దాకా జైలు పడే పెద్ద నేరం చేశారు, విషం పెట్టడం కూడా అందులోకే వస్తుంది. ఈ 2021 చట్టంలోని కార్యక్రమానికి ఆర్గోస్ అని పేరు పెట్టారు, గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ కోసం ఇరవయ్యేళ్ళు ఎదురుచూసిన కుక్క పేరు. అంటే పేరు పెట్టే దగ్గర కూడా పిల్లి ఎవరికీ గుర్తు రాలేదు, దీవుల్లో సంఖ్యలో దానిదే పైచేయి అయినా.

చట్టం మంచిదే, నేను వెక్కిరించట్లేదు, మన దగ్గర కంటే చాలా నయం. కానీ వెయ్యి మంది జనాభా ఉన్న దీవి మున్సిపాలిటీకి ఒక ఆఫీసు గది, ఇద్దరు క్లర్కులు, నీళ్ళ ట్యాంకర్ బాధలే తీరవు, వాళ్ళు వెట్‌ని ఎక్కడ తెస్తారు? దాంతో ఏం జరుగుతుందంటే మున్సిపాలిటీ సంతకం పెడుతుంది, పని కిరియా చేస్తుంది. ఏథెన్స్‌లో 2006 నుంచి నైన్ లైవ్స్ గ్రీస్ లాంటి గ్రూపులు, బ్రిటన్ నుంచి 1992లో మొదలైన గ్రీక్ క్యాట్ వెల్ఫేర్ సొసైటీ లాంటివి డబ్బులు పోగుచేసి ఆపరేషన్లకి సాయం చేస్తూ వస్తున్నాయి కాబట్టి బండి నడుస్తోంది. విదేశీ డొనేషన్ మీద నడిచే ప్రజాసేవ అన్నమాట, యూరోపియన్ యూనియన్‌లో.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఊళ్ళో అందరికీ ఇవంటే ఇష్టం అనుకోకండి. తోటలో విత్తనం వేస్తే తవ్వేసి పాడుచేస్తాయి, మెత్తటి మట్టి కనపడితే అదే వాటికి మరుగుదొడ్డి, ఎద రాత్రుల్లో మొగవాటి కొట్లాట అరుపులకి నిద్ర ఉండదు. కోళ్ళు పెంచేవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. టూరిస్టు మూడు రోజులుండి ఫోటో తీసుకుని పోతాడు, వాసన మాత్రం ఊరివాళ్ళకే. కొన్ని చోట్ల ఈ కోపం విషం దాకా పోతుంది, ఫోలా అంటారు, మాంసం ముక్కలో విషం పెట్టి చెత్త డబ్బాల దగ్గర పడేయడం, ఎక్కువగా సీజన్ మొదలయ్యే ముందో అయిపోయాకో, ఎవరూ చూడని రోజుల్లో. చట్టం ఉంది, పదేళ్ళ జైలుంది, ఇందాక చెప్పిందే, కానీ రాత్రిపూట ఎవడు పడేశాడో సాక్ష్యం ఎవరిస్తారు, అందరూ చుట్టాలే అయిన ఊళ్ళో? పిల్లి శాపాలకి ఉట్లు తెగవు. విషానికి విరుగుడు కూడా ఆపరేషనే అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఆపరేషన్ అయిన గుంపు అరవదు, పెద్దగా కొట్లాడదు, మొగవాటి మూత్రం ఘాటు తగ్గుతుంది, సంఖ్య ఏడాదికేడాదికి తగ్గుతుంది, పక్కింటాయనకి కోపం రావడానికి కారణాలే తక్కువైపోతాయి. ప్రేమించమని ఆయన్ని ఎవరూ అడగక్కర్లేదు.

దీనికి నాకు ఎదురయ్యే వాదనలు కొన్ని ఉన్నాయి. మొదటిది, అన్నిటినీ దత్తతకి పంపేయొచ్చు కదా అని. జర్మనీకీ నెదర్లాండ్స్‌కీ చాలానే వెళ్తున్నాయి, ఎయిర్‌పోర్టులో పిల్లి బ్యాగు పట్టుకున్న వాలంటీర్లు కనపడుతూనే ఉంటారు. కానీ ఒక్కో పిల్లికీ చిప్, పాస్‌పోర్టు, రేబీస్ టీకా కావాలి, టీకా వేయాలంటే 12 వారాల వయసుండాలి, వేశాక 21 రోజులు ఆగాలి, అంతవరకూ మళ్ళీ అదే బాత్‌రూమ్. ఒక్క పిల్లి బతుకు బాగుపడుతుంది, కాదనను, కన్ను పోయినవీ కాలు పోయినవీ అలాగే వెళ్ళాలి. అయితే ఆ వీధిలో ఖాళీ అయిన చోటుకి ఇంకోటి వచ్చేస్తుంది, తిండి అక్కడే ఉంది కాబట్టి. పైగా వీధిలో పుట్టి పెరిగి మనిషి చెయ్యి తగలని పిల్లికి డచ్ ఫ్లాట్ అంటే జైలే.

రెండోది పక్షుల వాళ్ళు, బల్లుల వాళ్ళు అడిగేది, నాకు గౌరవం ఉన్న ప్రశ్న ఇదే. సైక్లేడ్స్ రాళ్ళ గోడల మీద తిరిగే ఏజియన్ గోడబల్లి మీద 2014లో ఒక పరిశోధన వచ్చింది, పిల్లులున్న నాక్సోస్‌లో బల్లులు కన్నానికి దగ్గరగానే మసులుతున్నాయి, అలికిడైతే తొందరగా పారిపోతున్నాయి, పిల్లుల్లేని చిన్న ద్వీపాల్లోవి ఏమీ ఎరగనట్టు కూర్చుంటున్నాయి అని. అంటే పిల్లి ఆ దీవుల జీవుల్ని మార్చేసింది, ఇవాళ కాదు, వేల ఏళ్ళుగా. ఆపరేషన్ అయిన పిల్లి వేటాడ్డం మానదు, ఇది ఒప్పుకోవాల్సిందే. మనుషుల్లేని, సముద్రపక్షులు గూళ్ళు పెట్టే చిన్న ద్వీపాల్లో పిల్లులు ఉండకూడదు అంటే నేనూ సరే అంటా. కానీ ఎర్మూపోలి వీధుల్లో? అక్కడ పిల్లుల సంఖ్య తగ్గడానికి విషం కాకుండా ఉన్న దారి ఇదొక్కటే, మరి పక్షుల వాళ్ళూ పిల్లుల వాళ్ళూ ఒకే క్యాంపుకి చందా ఇవ్వాలి కదా, ఇవ్వట్లేదు.

మూడోది, ప్రకృతికి వదిలేయండి అనేవాళ్ళు. ప్రకృతికి వదిలేస్తే ఏమవుతుందో పక్కనే సైప్రస్‌లో 2023లో చూశాం. పిల్లుల కరోనా వైరస్‌లో కొత్త రకం ఒకటి, కుక్కల కరోనా ముక్క కలుపుకుని మారినది, దీవంతా పాకింది, పొట్టలో నీరు చేరి చచ్చిపోయే ఎఫ్ఐపీ జబ్బు. ఎన్ని పోయాయన్న దాని మీద పెద్ద రగడ నడిచింది, కొందరు లక్షలన్నారు, వెట్లు వేలన్నారు. చివరికి ఆగస్టులో ప్రభుత్వం మనుషుల కోవిడ్ మందు మోల్నుపిరావిర్ మిగులు స్టాకుని పిల్లులకి వాడుకోమని అనుమతిచ్చింది. మందు ఇచ్చింది సరే, వీధిపిల్లికి రోజుకి రెండు పూటలా వారాల పాటు మాత్ర ఎవరు మింగిస్తారు? మళ్ళీ కిరియానే.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం, నా అసలు కడుపుమంట ఇదే. 2023లో థెస్సలీ వరదల తర్వాత గ్రీస్ హోటల్ గదుల మీద వాతావరణ రుసుము ఒకటి పెట్టింది, 2024 నుంచి అమల్లో ఉంది, 2025 నుంచి పెంచారు కూడా. సీజన్‌లో ఐదు నక్షత్రాల హోటల్లో గదికి రాత్రికి 15 యూరోలు, నాలుగు నక్షత్రాలకి 10. క్రూజ్ ఓడల్లోంచి దిగే వాళ్ళకి 2025 జూలై నుంచి వేరే ఫీజు, పీక్ సీజన్‌లో సాంటోరిని, మికోనోస్‌లో మనిషికి 20 యూరోలు, మిగతా రేవుల్లో 5. అంటే వారం పాటు పెద్ద హోటల్లో దిగిన ఒక జంట గది మీద 105 యూరోలు సర్కారుకి పడుతున్నాయి. ఛారిటీ రేటుకి ఒక ఆడపిల్లి ఆపరేషన్ ఆ లోపలే అయిపోతుంది. వరదలకీ నీళ్ళకీ రోడ్లకీ ఆ డబ్బు కావాలి, నేను కాదనట్లేదు, అందులోంచి వందకి ఒక్క యూరో పక్కన పెట్టి ప్రతి దీవికీ చలికాలం ఆపరేషన్ క్యాంపులకి ఇవ్వమంటున్నా. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల, ఎద ఊపందుకునేలోపు, ఓడలో వచ్చే వెట్ టీమ్, కిరియా బాత్‌రూమ్ బదులు మున్సిపాలిటీ గది ఒకటి. పిల్లి బొమ్మ పెట్టి క్యాలెండర్ అమ్మేవాడు, పిల్లి రీల్ పెట్టి రూమ్ బుకింగులు తెచ్చుకునే హోటలువాడు ఇందులో ఒక వంతు వేసుకోవాలి. తిలాపాపం తలా పిడికెడు అంటారే, పుణ్యం కూడా అలాగే పంచుకోవచ్చు, అదంతా ఒక్కావిడ నెత్తినే పడేయక్కర్లేదు.

చెప్తే అక్కడి ఫ్రెండ్ ఒకాయన, టవర్నా నడుపుతాడు, నవ్వాడు. "పన్ను ఏథెన్స్ వెళ్తుంది, ఏథెన్స్ నుంచి ఏదీ వెనక్కి రాదు" అన్నాడు. అంటూనే ఆ రోజు మిగిలిన చేపలు డబ్బాలో పోసి కిరియా కోసం పక్కన పెట్టాడు. ఇది చూసి చాలామంది కళ్ళు చెమర్చి "ఎంత మంచి మనుషులో" అని పోస్టు పెడతారు. మంచి మనుషులే. కానీ ఆయన మంచితనం మీదే వ్యవస్థ నడవాలంటే ఆయన షాపు అమ్మేసిన రోజున ఏంటి? కిరియా తుంటి ఎముక విరిగిన రోజున ఏంటి? ఇది ఊహించి అంటున్నది కాదు. ఆవిడ ఒక చలికాలం జారిపడి ఏథెన్స్‌లో హాస్పిటల్లో ఉంది, ఆ నెలల్లో రెండు వీధుల హాజరు పట్టీ మొత్తం పోయింది, ఆవిడ తిరిగొచ్చేసరికి చెవి కత్తిరించని మొహాలు ఎన్నో.

మన దగ్గర ఇదే గొడవ కుక్కల మీద నడుస్తోంది కాబట్టి మీకు కొత్తేం కాదు. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపులు చదివితే తిండి పెట్టేవాళ్ళు ఒక పార్టీ, పెట్టొద్దనేవాళ్ళు ఒక పార్టీ, రాత్రి రెండింటి దాకా వాయిస్ మెసేజ్‌ల యుద్ధం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలమని, తిండి మాత్రం కేటాయించిన చోట్లే పెట్టమని చెప్పింది, తర్వాత ఇంకా ఆర్డర్లు వచ్చాయి. నాకు అక్కడా ఇక్కడా ఒకటే కనపడుతుంది, తిండి గురించి గొంతు చించుకునేవాళ్ళలో ఆపరేషన్ చేయించిన కార్డు జేబులో ఉన్నవాళ్ళు ఎంతమంది అని. పిల్లులకైతే మన ఊళ్ళలో ఆ మాత్రం గొడవ కూడా లేదు, ఎదురొస్తే అపశకునం అని ఒక నిమిషం ఆగి పోతాం, అంతటితో మన బాధ్యత అయిపోతుంది.

సరే, ఈ వేసవికి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్ళు అడుగుతారు, ఏంటి మరి, పక్కనొచ్చి కూర్చుని మొహంలోకి చూస్తే కూడా పెట్టొద్దా అని. పెట్టండి, రాయి కాదుగా మనసు. పాలు మాత్రం వద్దు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. వండిన ఎముకలు వద్దు. ఉప్పూ వెల్లుల్లీ దట్టించిన ముక్క వద్దు. టేబుల్ దగ్గర కాకుండా కాస్త పక్కకి తీసుకెళ్ళి పెట్టండి, పక్క టేబులాయన చిరాకు ఓనర్ మీద పడి, ఓనర్ చిరాకు పిల్లి మీద పడుతుంది. ఒంటరిగా పిల్లకూన కనపడితే ఎత్తుకుని హోటల్‌కి తెచ్చేయకండి, తల్లి తిండికి వెళ్ళుంటుంది, దూరంగా కూర్చుని కొన్ని గంటలు చూడండి. చెవి కొస కత్తిరించి ఉందో లేదో చూడండి, ఉంటే ఆ వీధికి ఒక కిరియా ఉన్నట్టు, ఎవరో టవర్నా అబ్బాయిని అడిగితే చెప్తాడు. లేకపోతే ఫోటోకి లొకేషన్ పెట్టి ఆ దీవిలో పనిచేసే గ్రూపుకి పంపండి, వాళ్ళకి లైకుల కంటే అది ఎక్కువ ఉపయోగం. డబ్బు ఇవ్వాలనుకుంటే జూలైలో వద్దు, జూలైలో అందరూ ఇస్తారు. నవంబర్ ఒకటో తారీకుకి ఫోన్లో రిమైండర్ పెట్టుకుని అప్పుడు పంపండి, ఆపరేషన్లకి అని రాసి మరీ.